ల్యాప్‌టాప్, డెస్క్‌టాప్ గ్రాఫిక్స్ కార్డుల పనితీరు

ఒకే పేరుతోనో, ఒకే శ్రేణిలోనో వెలువడిన గ్రాఫిక్స్ ప్రాసెసర్లు ల్యాప్‌టాప్ కంప్యూటరులో ఒక వేగంతోను, డెస్క్‌టాప్ కంప్యూటరులో మరొక వేగంతోను పనిచేస్తాయి. సాధారణంగా డెస్క్‌టాప్ కార్డు వేగం ఎక్కువ. ఈ తేడా కొన్ని మోడళ్ళలో నామమాత్రంగానే ఉండగా, మరికొన్నింటిలో సగానికి సగం ఉంటుంది. విద్యుత్తు సరఫరాకు, ఉష్ణాన్ని బయటికి పంపడానికి ల్యాప్‌టాప్‌లో ఉన్న పరిమితులు దీనికి ప్రధాన కారణం. తయారీదారులు రెండు రకాల ఉత్పత్తులకూ ఒకే సంఖ్యను పేరుగా వాడటం వలన కొనుగోలుదారులు, ముఖ్యంగా ఇంజనీరింగు, యానిమేషను, వీడియో ఎడిటింగు వంటి కోర్సుల కోసం కంప్యూటరు కొనే విద్యార్థులు, ఈ తేడాను గుర్తించలేకపోయే అవకాశం ఉంది.

## గ్రాఫిక్స్ ప్రాసెసరు

తెరపై కనిపించే ప్రతి బొమ్మా వేలాది చిన్న చుక్కల సమూహం. ఈ చుక్కలను పిక్సెళ్ళు అంటారు. 1920 × 1080 పిక్సెళ్ళ తెరపై సుమారు 20.7 లక్షల పిక్సెళ్ళు, 3840 × 2160 పిక్సెళ్ళ తెరపై సుమారు 82.9 లక్షల పిక్సెళ్ళు ఉంటాయి. కదిలే దృశ్యాలలో ఈ పిక్సెళ్ళ రంగులను సెకనుకు అనేక పర్యాయాలు లెక్కించవలసి ఉంటుంది. ఒకే రకమైన లెక్కను ఒకేసారి వేల పిక్సెళ్ళపై చేయడానికి రూపొందించిన చిప్పును గ్రాఫిక్స్ ప్రాసెసరు లేదా జీపీయూ అంటారు. 1999లో విడుదలైన జీఫోర్స్ 256 కార్డుతో ఎన్విడియా సంస్థ ఈ పేరును బాగా ప్రచారంలోకి తెచ్చింది.

గ్రాఫిక్స్ ప్రాసెసరు వేగం ముఖ్యంగా మూడు అంశాలపై ఆధారపడి ఉంటుంది.

* చిప్పులో ఉన్న కోర్ల సంఖ్య
* ఆ కోర్లు పనిచేసే పౌనఃపున్యం, అనగా క్లాకు వేగం
* చిప్పుకు, దాని మెమరీకి మధ్య సెకనుకు ఎంత సమాచారం ప్రవహించగలదన్నది

డెస్క్‌టాప్‌లో ఈ చిప్పు, మెమరీ, విద్యుత్తును నియంత్రించే భాగాలు, ఫ్యాన్లు కలిసి ఒక విడి కార్డుగా ఉంటాయి. ఆ కార్డును మదర్‌బోర్డుపై ఉన్న పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాటులో అమర్చుతారు. ల్యాప్‌టాప్‌లలో చాలా వరకు చిప్పును, మెమరీని నేరుగా మదర్‌బోర్డుకే సోల్డరు చేస్తారు. అందువలన "ల్యాప్‌టాప్ గ్రాఫిక్స్ కార్డు" అనేది వాడుకలో స్థిరపడిన మాటే తప్ప అక్కడ విడదీయగల కార్డు సాధారణంగా ఉండదు.

ప్రధాన ప్రాసెసరులోనే కలిసి ఉండే గ్రాఫిక్స్ భాగాన్ని ఇంటిగ్రేటెడ్ గ్రాఫిక్స్ అంటారు. ఈ వ్యాసం ప్రధానంగా విడి గ్రాఫిక్స్ చిప్పులకు సంబంధించినది.

## భేదానికి కారణాలు

### విద్యుత్తు సరఫరా

పీసీఐ ఎక్స్‌ప్రెస్ ప్రమాణం ప్రకారం డెస్క్‌టాప్ స్లాటు ఒక్కటే కార్డుకు 75 వాట్ల వరకు అందించగలదు. ఆరు పిన్నుల అదనపు కనెక్టరు మరో 75 వాట్లను, ఎనిమిది పిన్నుల కనెక్టరు 150 వాట్లను అందిస్తాయి. ఇటీవలి 16 పిన్నుల కనెక్టరు 600 వాట్ల వరకు అందించగలదు. దీనివలన డెస్క్‌టాప్ కార్డులు 300 వాట్లకు మించి విద్యుత్తును వాడటం సాధారణమైంది.

ల్యాప్‌టాప్‌లో అడాప్టరు నుండి వచ్చే విద్యుత్తునే ప్రధాన ప్రాసెసరు, గ్రాఫిక్స్ చిప్పు, తెర, బ్యాటరీ చార్జింగు అన్నీ పంచుకోవాలి. పెద్ద గేమింగ్ ల్యాప్‌టాప్‌లతో వచ్చే అడాప్టర్ల సామర్థ్యం సాధారణంగా 230 నుండి 330 వాట్లు. పలుచని ల్యాప్‌టాప్‌ల అడాప్టర్లు ఇంకా చిన్నవి. ఈ లెక్కలో గ్రాఫిక్స్ చిప్పు వాటా 175 వాట్లు దాటడం అరుదు.

### ఉష్ణం

చిప్పు వాడుకున్న విద్యుత్తు దాదాపు అంతా చివరకు ఉష్ణంగా మారుతుంది. 150 వాట్ల విద్యుత్తును వాడే చిప్పు నుండి ప్రతి సెకనుకు 150 జౌళ్ళ ఉష్ణాన్ని తొలగిస్తూ ఉండాలి. డెస్క్‌టాప్ కార్డుపై మందమైన లోహపు రేకుల అమరిక, రెండు లేక మూడు పెద్ద ఫ్యాన్లు, వాటికి తోడు క్యాబినెట్ ఫ్యాన్లు ఈ పనిని చేస్తాయి. ల్యాప్‌టాప్‌లో రాగి గొట్టాలు, పలుచని రేకులు, చిన్న ఫ్యాన్లు మాత్రమే ఉంటాయి. పైగా ఒకే గొట్టాల అమరిక ప్రధాన ప్రాసెసరునూ, గ్రాఫిక్స్ చిప్పునూ కలిపి చల్లబరచడం చాలా మోడళ్ళలో కనిపిస్తుంది. అప్పుడు ఒకటి వేడెక్కితే రెండవదాని వేగం కూడా తగ్గుతుంది.

చిప్పు ఉష్ణోగ్రత నిర్ణీత హద్దుకు చేరగానే అది తన క్లాకు వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. దీనిని థర్మల్ థ్రాట్లింగ్ అంటారు. చల్లబరిచే అమరిక గది గాలిని మాత్రమే వాడుకోగలదు కనుక గది వేడిగా ఉన్నకొద్దీ చిప్పు కూడా ఆ మేరకు ఎక్కువ వేడిగా ఉంటుంది. వేసవిలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటే రామగుండం, రెంటచింతల వంటి చోట్ల, చల్లని గదిలో తీసిన పరీక్షా ఫలితాలు యథాతథంగా పునరావృతం కాకపోవచ్చు. ల్యాప్‌టాప్‌ను పరుపుపైన, దుప్పటిపైన ఉంచితే అడుగున ఉన్న గాలి రంధ్రాలు మూసుకుపోయి ఇదే ఫలితం కలుగుతుంది.

### వోల్టేజి, పౌనఃపున్యం

చిప్పు పనిచేసేటప్పుడు ఖర్చయ్యే విద్యుత్తు దాని పౌనఃపున్యానికి, వోల్టేజి వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. పౌనఃపున్యాన్ని పెంచాలంటే వోల్టేజిని కూడా పెంచవలసి ఉంటుంది. అందువలన చివరి కొద్దిపాటి వేగం కోసం చాలా ఎక్కువ విద్యుత్తు ఖర్చవుతుంది. ఉదాహరణకు పౌనఃపున్యాన్ని, వోల్టేజిని చెరి 20 శాతం తగ్గించగలిగితే విద్యుత్తు వినియోగం 0.8 × 0.8 × 0.8, అనగా సుమారు 51 శాతానికి పడిపోతుంది. వేగం మాత్రం 20 శాతమే తగ్గుతుంది.

ల్యాప్‌టాప్ చిప్పుల రూపకల్పన ఈ సూత్రంపైనే ఆధారపడి ఉంది. పెద్ద చిప్పును తక్కువ వోల్టేజితో, తక్కువ పౌనఃపున్యంతో నడిపితే, చిన్న చిప్పును అధిక వేగంతో నడపడం కంటే వాట్‌కు ఎక్కువ పని జరుగుతుంది. కనుక మొత్తం వేగంలో ల్యాప్‌టాప్ చిప్పు వెనుకబడినా, వాట్‌కు జరిగే పనిలో అది తరచు డెస్క్‌టాప్ కార్డు కంటే ముందుంటుంది.

### మెమరీ

గ్రాఫిక్స్ చిప్పుకు, మెమరీకి మధ్య ఉన్న మార్గపు వెడల్పును బిట్లలో చెబుతారు. మార్గం వెడల్పయిన కొద్దీ ఎక్కువ మెమరీ చిప్పులు, ఎక్కువ స్థలం, ఎక్కువ విద్యుత్తు కావాలి. జీడీడీఆర్6ఎక్స్ వంటి వేగవంతమైన మెమరీ ఎక్కువ విద్యుత్తును తీసుకుంటుంది. అందువలన ల్యాప్‌టాప్‌లలో మార్గం వెడల్పును, మెమరీ వేగాన్ని, ఒక్కొక్కసారి మెమరీ పరిమాణాన్ని కూడా తగ్గిస్తారు.

## చరిత్ర

1990వ దశకంలో ల్యాప్‌టాప్ గ్రాఫిక్స్ చిప్పుల పని తెరపై అక్షరాలను, బొమ్మలను చూపడం వరకే పరిమితమై ఉండేది. నియోమ్యాజిక్ సంస్థ మెమరీని, గ్రాఫిక్స్ చిప్పును ఒకే సిలికాన్ ముక్కపై చేర్చి విద్యుత్తును ఆదా చేసే చిప్పులను ఆ కాలంలో ల్యాప్‌టాప్ తయారీదారులకు అందించింది. త్రిమితీయ దృశ్యాలను వేగంగా గీయగల చిప్పులు ల్యాప్‌టాప్‌లలోకి వచ్చిన తరువాతే డెస్క్‌టాప్‌తో పోలిక ప్రాముఖ్యం సంతరించుకుంది. ఎన్విడియా 2000 నవంబరులో జీఫోర్స్2 గో చిప్పును ప్రకటించింది. ఏటీఐ సంస్థ 2001లో మొబిలిటీ రేడియాన్‌ను తెచ్చింది. 2006లో ఏటీఐని ఏఎండీ సంస్థ కొనుగోలు చేసింది.

తొలి దశలో ల్యాప్‌టాప్ చిప్పులకు ప్రత్యేక పేర్లు ఉండేవి. ఎన్విడియా "గో" అనే మాటను, ఏటీఐ "మొబిలిటీ" అనే మాటను చేర్చేవి. 2007లో వచ్చిన జీఫోర్స్ 8 శ్రేణి నుండి ఎన్విడియా సంఖ్య చివర "ఎం" అనే అక్షరాన్ని చేర్చసాగింది. పేరు చూడగానే అది ల్యాప్‌టాప్ చిప్పు అని తెలిసేది. అయితే సంఖ్య మాత్రం డెస్క్‌టాప్ కార్డుదే. 2010లో వచ్చిన జీటీఎక్స్ 480ఎం చిప్పులో 352 కోర్లు, దాని పేరును పోలిన డెస్క్‌టాప్ జీటీఎక్స్ 480 కార్డులో 480 కోర్లు ఉండేవి. మొదటిదాని గ్రాఫిక్స్ క్లాకు 425 మెగాహెర్ట్జ్, రెండవదానిది 700 మెగాహెర్ట్జ్. విద్యుత్ పరిమితులు వరుసగా 100, 250 వాట్లు. కోర్ల సంఖ్యను బట్టి జీటీఎక్స్ 480ఎం నిజానికి డెస్క్‌టాప్ జీటీఎక్స్ 465కు సమానం. 2011 నాటి జీటీఎక్స్ 580ఎం విషయంలో చిప్పే వేరు. అందులో వాడినది డెస్క్‌టాప్ జీటీఎక్స్ 560 టీఐ కార్డులోని చిప్పు.

2016 ఆగస్టులో ఈ పరిస్థితి మారింది. పాస్కల్ తరానికి చెందిన జీటీఎక్స్ 1080, 1070, 1060 చిప్పులను ఎన్విడియా ల్యాప్‌టాప్‌లకు కూడా అదే పేరుతో, "ఎం" అక్షరం లేకుండా విడుదల చేసింది. 1080, 1060 మోడళ్ళలో కోర్ల సంఖ్య డెస్క్‌టాప్‌తో సమానం. 1070లోనైతే ల్యాప్‌టాప్ చిప్పుకే ఎక్కువ కోర్లు ఉండేవి. డెస్క్‌టాప్ కార్డులో 1,920 కోర్లు ఉండగా ల్యాప్‌టాప్‌లో 2,048 కోర్లను తక్కువ క్లాకు వేగంతో నడిపేవారు. 16 నానోమీటర్ల తయారీ విధానం వలన ఆ తరం చిప్పులు తక్కువ విద్యుత్తుతో పనిచేయడం దీనికి తోడ్పడింది. డెస్క్‌టాప్ జీటీఎక్స్ 1080 పరిమితి 180 వాట్లు మాత్రమే.

2017లో జరిగిన కంప్యూటెక్స్ ప్రదర్శనలో పలుచని ల్యాప్‌టాప్‌ల కోసం మ్యాక్స్-క్యూ అనే విధానాన్ని ఎన్విడియా ప్రకటించింది. వీటిలో అవే చిప్పులను తక్కువ విద్యుత్తుతో నడుపుతారు. 2021 జనవరిలో ఆర్‌టీఎక్స్ 30 శ్రేణి ల్యాప్‌టాప్‌లు వచ్చినప్పుడు చిప్పు పేరులో మ్యాక్స్-క్యూ అని విడిగా చూపడం మానివేశారు. తక్కువ శక్తి గల ల్యాప్‌టాప్‌ను పేరును బట్టి గుర్తించడం కష్టమై విమర్శలు వచ్చాయి. దరిమిలా ల్యాప్‌టాప్‌ల క్లాకు వేగాన్ని, గ్రాఫిక్స్ విద్యుత్ పరిమితిని వివరాలలో తెలపాలని ఎన్విడియా తయారీదారులను కోరింది. ఆ శ్రేణి నుండి "ల్యాప్‌టాప్ జీపీయూ" అనే మాట పేరు చివర చేరింది.

## కోర్ల సంఖ్యలో మార్పు

ఎన్విడియా వివిధ తరాలలో పై శ్రేణికి చెందిన కొన్ని మోడళ్ళ కోర్ల సంఖ్య, మెమరీ మార్గం వెడల్పు ఈ పట్టికలో ఉన్నాయి. బ్రాకెట్లలో ఉన్నవి విడుదలైన సంవత్సరాలు.

| సంఖ్య | డెస్క్‌టాప్ కోర్లు | ల్యాప్‌టాప్ కోర్లు | ల్యాప్‌టాప్ వాటా | మెమరీ మార్గం, బిట్లలో (డెస్క్‌టాప్ / ల్యాప్‌టాప్) |
|---|---|---|---|---|
| 480 | 480 (2010) | 352 (2010) | 73 శాతం | 384 / 256 |
| 580 | 512 (2010) | 384 (2011) | 75 శాతం | 384 / 256 |
| 680 | 1,536 (2012) | 1,344 (2012) | 88 శాతం | 256 / 256 |
| 980 | 2,048 (2014) | 1,536 (2014) | 75 శాతం | 256 / 256 |
| 1080 | 2,560 (2016) | 2,560 (2016) | 100 శాతం | 256 / 256 |
| 2080 | 2,944 (2018) | 2,944 (2019) | 100 శాతం | 256 / 256 |
| 3080 | 8,704 (2020) | 6,144 (2021) | 71 శాతం | 320 / 256 |
| 4090 | 16,384 (2022) | 9,728 (2023) | 59 శాతం | 384 / 256 |
| 5090 | 21,760 (2025) | 10,496 (2025) | 48 శాతం | 512 / 256 |

వేర్వేరు తరాల కోర్లు ఒకే రకమైనవి కావు కనుక నిలువు వరుసలోని సంఖ్యలను ఒకదానితో ఒకటి పోల్చరాదు. అడ్డు వరుసలోని పోలిక మాత్రమే సరైనది.

2016 నుండి 2019 వరకు మూసుకుపోయిన అంతరం ఆ తరువాత మునుపటి కంటే ఎక్కువగా పెరిగిందని పట్టిక తెలుపుతున్నది. ల్యాప్‌టాప్ చిప్పుల వేగం తగ్గడం దీనికి కారణం కాదు. ల్యాప్‌టాప్‌లోని విద్యుత్ పరిమితి 100 నుండి 175 వాట్ల మధ్యనే నిలిచిపోగా, డెస్క్‌టాప్ కార్డుల పరిమితి 2016లో జీటీఎక్స్ 1080 నాటి 180 వాట్ల నుండి 2020లో ఆర్‌టీఎక్స్ 3080తో 320కి, 2022లో ఆర్‌టీఎక్స్ 4090తో 450కి, 2025లో ఆర్‌టీఎక్స్ 5090తో 575 వాట్లకు చేరింది. అంతరం పెరిగినది డెస్క్‌టాప్ పరుగు వలన.

## ఉదాహరణలు

### ఆర్‌టీఎక్స్ 4090

డెస్క్‌టాప్ ఆర్‌టీఎక్స్ 4090లో ఏడీ102 అనే చిప్పు ఉంటుంది. అందులో సుమారు 7,630 కోట్ల ట్రాన్సిస్టర్లు ఉన్నాయి. అదే పేరు గల ల్యాప్‌టాప్‌లో ఉండేది ఏడీ103 అనే చిన్న చిప్పు. దానిలో సుమారు 4,590 కోట్ల ట్రాన్సిస్టర్లు ఉన్నాయి. డెస్క్‌టాప్‌లో ఈ ఏడీ103 చిప్పునే, అదే 9,728 కోర్లతో, ఆర్‌టీఎక్స్ 4080 అనే పేరుతో అమ్మారు. అనగా ల్యాప్‌టాప్ 4090 కోర్ల సంఖ్యలో డెస్క్‌టాప్ 4080కి సమానం. విద్యుత్ పరిమితిలో మాత్రం దానికంటే చాలా తక్కువ. డెస్క్‌టాప్ 4080 పరిమితి 320 వాట్లు.

డెస్క్‌టాప్ 4090లో 24 గిగాబైట్ల మెమరీ, సెకనుకు 1,008 గిగాబైట్ల మెమరీ వేగం ఉన్నాయి. ల్యాప్‌టాప్ 4090లో ఇవి వరుసగా 16 గిగాబైట్లు, 576 గిగాబైట్లు. ప్రకటిత బూస్టు క్లాకు వేగాలను బట్టి లెక్కిస్తే డెస్క్‌టాప్ కార్డు సైద్ధాంతిక గణన సామర్థ్యం 82.6 టెరాఫ్లాపులు. ల్యాప్‌టాప్ చిప్పు గరిష్ఠ సామర్థ్యం 39.7 టెరాఫ్లాపులు. 450 వాట్లలో మూడవ వంతైన 150 వాట్లతో సామర్థ్యంలో దాదాపు సగం లభిస్తున్నదన్న మాట. వోల్టేజి గురించి పైన చెప్పిన సూత్రానికి ఇది చక్కని ఉదాహరణ.

### ఆర్‌టీఎక్స్ 4060

దిగువ శ్రేణిలో పరిస్థితి భిన్నం. డెస్క్‌టాప్, ల్యాప్‌టాప్ ఆర్‌టీఎక్స్ 4060 రెండింటిలోనూ ఏడీ107 చిప్పు, 3,072 కోర్లు, 8 గిగాబైట్ల మెమరీ, 128 బిట్ల మార్గం ఉన్నాయి. డెస్క్‌టాప్ కార్డు పరిమితి 115 వాట్లే కనుక మంచి ల్యాప్‌టాప్ కూడా దానిని అందుకోగలదు. పూర్తి శక్తినిచ్చే ల్యాప్‌టాప్‌లో ఈ రెంటి మధ్య తేడా స్వల్పం.

అయితే ఈ చిప్పును 35 నుండి 115 వాట్ల మధ్య ఏ పరిమితితోనైనా అమర్చుకునే స్వేచ్ఛ ల్యాప్‌టాప్ తయారీదారులకు ఉంది. దానిని అనుసరించి బూస్టు క్లాకు వేగం 1,470 నుండి 2,370 మెగాహెర్ట్జ్ వరకు మారుతుంది. సైద్ధాంతిక సామర్థ్యం సుమారు 9 నుండి 14.6 టెరాఫ్లాపుల వరకు మారుతుంది. రెండు ల్యాప్‌టాప్‌ల పెట్టెలపై ఒకే పేరు ఉంటుంది. కనుక దిగువ శ్రేణిలో ల్యాప్‌టాప్‌కు, డెస్క్‌టాప్‌కు మధ్య తేడా కంటే ఒక ల్యాప్‌టాప్‌కు, మరొక ల్యాప్‌టాప్‌కు మధ్య తేడాయే ముఖ్యమైనది.

### ఏఎండీ చిప్పులు

ఏఎండీ చిప్పులలోనూ ఇదే ధోరణి కనిపిస్తుంది. డెస్క్‌టాప్ రేడియాన్ ఆర్ఎక్స్ 7900 ఎక్స్‌టీఎక్స్‌లో 96 గణన విభాగాలు, 24 గిగాబైట్ల మెమరీ, 355 వాట్ల పరిమితి ఉన్నాయి. 2023లో వచ్చిన ల్యాప్‌టాప్ ఆర్ఎక్స్ 7900ఎంలో 72 గణన విభాగాలు, 16 గిగాబైట్ల మెమరీ, 180 వాట్ల వరకు పరిమితి ఉన్నాయి.

### ఆపిల్ కంప్యూటర్లు

ఆపిల్ తన ఎం శ్రేణి చిప్పులలో ప్రధాన ప్రాసెసరును, గ్రాఫిక్స్ భాగాన్ని కలిపి ఒకే మెమరీని పంచుకునేలా రూపొందించింది. 2021 నాటి మ్యాక్‌బుక్ ప్రో ల్యాప్‌టాప్‌లోను, 2022 నాటి మ్యాక్ స్టూడియో డెస్క్‌టాప్‌లోను ఎం1 మ్యాక్స్ అనే ఒకే చిప్పును వాడారు. తక్కువ విద్యుత్తుకు అనుగుణంగా రూపొందించినందువలన ఇక్కడ పేరును బట్టి వచ్చే తేడా చాలా తక్కువ.

## పనితీరును కొలిచే విధానం

గేముల విషయంలో సెకనుకు ఎన్ని ఫ్రేములు గీయబడుతున్నాయన్నది ప్రధానమైన కొలత. సెకనుకు 60 ఫ్రేములు రావాలంటే ఒక్కొక్క ఫ్రేము సుమారు 16.7 మిల్లీసెకన్లలో పూర్తి కావాలి. సగటు ఎంత ఉన్నా మధ్యలో కొన్ని ఫ్రేములు ఆలస్యమైతే దృశ్యం తడబడినట్లు కనిపిస్తుంది. అందువలన అతి నెమ్మదైన ఒక శాతం ఫ్రేముల వేగాన్ని కూడా విడిగా చెబుతారు. 3డీమార్క్ వంటి పరీక్షా సాఫ్టువేర్లు కూడా వాడుకలో ఉన్నాయి.

ల్యాప్‌టాప్‌ను, డెస్క్‌టాప్‌ను పోల్చేటప్పుడు ఈ క్రింది విషయాలు ఫలితాన్ని తారుమారు చేయగలవు.

* వ్యవధి: మొదటి ఒకటి రెండు నిమిషాలలో ల్యాప్‌టాప్ చల్లగా ఉండి పూర్తి వేగం చూపుతుంది. అరగంట తరువాత ఉన్న వేగమే దాని నిలకడైన వేగం.
* తెర పిక్సెళ్ళ సంఖ్య: తక్కువ పిక్సెళ్ళ వద్ద ప్రధాన ప్రాసెసరే అడ్డంకిగా మారి గ్రాఫిక్స్ చిప్పుల మధ్య తేడా కప్పబడుతుంది. ఎక్కువ పిక్సెళ్ళ వద్ద అది బయటపడుతుంది.
* పవర్ ప్రొఫైలు: నిశ్శబ్దం, సాధారణం, గరిష్ఠం వంటి ఎంపికలు విద్యుత్ పరిమితినే మార్చివేస్తాయి.
* ప్రధాన మెమరీ: ఒకే మెమరీ ముక్కతో అమ్మే ల్యాప్‌టాప్‌లలో సమాచార ప్రవాహం తగ్గి, ఆ ప్రభావం గేములపై కూడా పడుతుంది.

## బ్యాటరీపై పనితీరు

విమానాలలో అనుమతి లేకుండా తీసుకువెళ్ళగల బ్యాటరీ సామర్థ్యం 100 వాట్-గంటలకు పరిమితం. అందుచేత ల్యాప్‌టాప్ బ్యాటరీలు ఈ హద్దును దాటవు. గ్రాఫిక్స్ చిప్పు ఒక్కటే 150 వాట్లు తీసుకుంటే 100 వాట్-గంటల బ్యాటరీ 40 నిమిషాలలో ఖాళీ అవుతుంది. అంతటి విద్యుత్తును నిలకడగా ఇవ్వడం బ్యాటరీకి క్షేమకరం కూడా కాదు. ప్లగ్గు తీయగానే ల్యాప్‌టాప్ తన గ్రాఫిక్స్ వేగాన్ని బాగా తగ్గించుకోవడానికి ఇదే కారణం. కనుక ల్యాప్‌టాప్ పూర్తి గ్రాఫిక్స్ వేగం అడాప్టరు తగిలించి ఉన్నప్పుడు మాత్రమే లభిస్తుంది.

బ్యాటరీని ఆదా చేయడానికి 2010లో ఎన్విడియా ఆప్టిమస్ అనే విధానాన్ని ప్రవేశపెట్టింది. తేలిక పనులను ఇంటిగ్రేటెడ్ గ్రాఫిక్స్, భారమైన పనులను విడి చిప్పు చేస్తాయి. అయితే విడి చిప్పు గీసిన ఫ్రేము ఇంటిగ్రేటెడ్ గ్రాఫిక్స్ ద్వారానే తెరను చేరుతుంది. దీనివలన కొంత వేగం నష్టమవుతుంది. మక్స్ స్విచ్ అనే అమరిక ఉన్న ల్యాప్‌టాప్‌లలో విడి చిప్పును నేరుగా తెరకు కలుపవచ్చు.

## మన్నిక, మరమ్మతు

చిప్పు పదేపదే వేడెక్కి చల్లారడం వలన దాని కింద ఉన్న సన్నని సోల్డరు అతుకులపై ఒత్తిడి పడుతుంది. 2008 జూలైలో ఎన్విడియా తన పాత తరం ల్యాప్‌టాప్ చిప్పులలో కొన్ని, ప్యాకేజీకి వాడిన పదార్థాల బలహీనత వలన అధిక సంఖ్యలో చెడిపోతున్నాయని వెల్లడించి, మరమ్మతు ఖర్చుల కోసం 15 నుండి 20 కోట్ల డాలర్లను కేటాయిస్తున్నట్లు ప్రకటించింది. చిప్పు మదర్‌బోర్డుకు అతికి ఉన్నందున ఇటువంటి లోపం వచ్చినప్పుడు ల్యాప్‌టాప్‌లో మొత్తం బోర్డునే మార్చవలసి రావచ్చు. డెస్క్‌టాప్‌లో కార్డు ఒక్కటి మార్చితే సరిపోతుంది.

ల్యాప్‌టాప్ చిప్పులను కూడా విడదీయగలిగేలా చేసే ప్రయత్నాలు జరిగాయి. 2004లో ఎన్విడియా ఎంఎక్స్ఎం అనే విడి మాడ్యూలు ప్రమాణాన్ని తెచ్చింది. ల్యాప్‌టాప్‌లు పలుచనవుతున్న కొద్దీ ఇది సాధారణ మోడళ్ళ నుండి కనుమరుగైంది. 2023లో ప్రకటించిన ఫ్రేమ్‌వర్క్ ల్యాప్‌టాప్ 16లో గ్రాఫిక్స్ భాగాన్ని వాడుకదారే మార్చుకునే వీలు మళ్ళీ కల్పించారు.

ల్యాప్‌టాప్‌కు బయటి నుండి డెస్క్‌టాప్ కార్డును కలిపే పద్ధతి కూడా ఉంది. థండర్‌బోల్ట్ 3 కేబులు వేగం సెకనుకు 40 గిగాబిట్లు. ఇందులో కార్డుకు లభించేది నాలుగు పీసీఐ ఎక్స్‌ప్రెస్ మార్గాలు మాత్రమే. డెస్క్‌టాప్ స్లాటులో 16 మార్గాలు ఉంటాయి. అందువలన అదే కార్డు బయటి పెట్టెలో ఉన్నప్పుడు గేములలో కొంత నెమ్మదిస్తుంది. ఒకసారి సమాచారం పంపి ఎక్కువసేపు లెక్కించే పనులలో ఈ నష్టం తక్కువ.

## ఉపయోగాన్ని బట్టి తేడా

* ఇంటర్నెట్టు, కార్యాలయపు పనులు, ప్రోగ్రామింగు పాఠాలు: ఇంటిగ్రేటెడ్ గ్రాఫిక్స్ చాలు. విడి చిప్పు ఉన్నా లేకున్నా తేడా కనిపించదు.
* గేములు: నిలకడైన వేగం, తెర పిక్సెళ్ళ సంఖ్య ముఖ్యం. 1920 × 1080 తెరకు మధ్య శ్రేణి ల్యాప్‌టాప్ చిప్పులు సాధారణంగా సరిపోతాయి.
* త్రిమితీయ యానిమేషను రెండరింగు: గంటల తరబడి పూర్తి భారం పడుతుంది కనుక డెస్క్‌టాప్ ఆధిక్యం ఇక్కడ స్పష్టంగా ఉంటుంది.
* మెషీన్ లెర్నింగ్: చాలా సందర్భాలలో వేగం కంటే మెమరీ పరిమాణం ముందుగా అడ్డుపడుతుంది. 12 గిగాబైట్లు కావలసిన మోడలు 8 గిగాబైట్ల చిప్పులో పూర్తిగా ఇమడదు. ఆర్‌టీఎక్స్ 4070 అనే పేరుతో డెస్క్‌టాప్ కార్డులో 12 గిగాబైట్లు, ల్యాప్‌టాప్‌లో 8 గిగాబైట్లు ఉండటం ఇక్కడ గమనించదగినది.

విద్యుత్ ఖర్చు విషయంలో ల్యాప్‌టాప్‌ది పైచేయి. మొత్తం 500 వాట్లు తీసుకునే డెస్క్‌టాప్‌ను రోజుకు నాలుగు గంటలు పూర్తి భారంతో నడిపితే రెండు యూనిట్లు ఖర్చవుతాయి. 200 వాట్ల ల్యాప్‌టాప్‌కు అదే సమయంలో 0.8 యూనిట్లు చాలు. కరెంటు పోయినప్పుడు ల్యాప్‌టాప్ బ్యాటరీపై కొనసాగుతుంది. డెస్క్‌టాప్‌కు విడిగా యూపీఎస్ అవసరం.

## ఎంపికలో గమనించవలసిన అంశాలు

ల్యాప్‌టాప్ గ్రాఫిక్స్ వేగాన్ని మోడలు సంఖ్యను మాత్రమే చూసి అంచనా వేయలేము. ఈ క్రింది వివరాలను తయారీదారు ఇచ్చే పత్రంలో సరిచూసుకోవాలి.

1. గ్రాఫిక్స్ చిప్పుకు కేటాయించిన గరిష్ఠ విద్యుత్తు. దీనిని టీజీపీ అనే పేరుతో వాట్లలో ఇస్తారు. డైనమిక్ బూస్ట్ ద్వారా ప్రధాన ప్రాసెసరు వాటా నుండి తాత్కాలికంగా వచ్చే అదనపు వాట్లను ఇందులో కలిపారో లేదో చూడాలి.
2. గ్రాఫిక్స్ మెమరీ పరిమాణం. దీనిని తరువాత పెంచుకునే వీలు ఉండదు.
3. అదే పేరు గల డెస్క్‌టాప్ కార్డుతో కోర్ల సంఖ్య పోలిక.
4. అడాప్టరు సామర్థ్యం. ప్రధాన ప్రాసెసరు, గ్రాఫిక్స్ చిప్పుల పరిమితుల మొత్తం కంటే అడాప్టరు చిన్నదైతే రెండూ ఒకేసారి పూర్తి వేగంతో పనిచేయలేవు.
5. మక్స్ స్విచ్ ఉన్నదీ లేనిదీ.
6. అరగంటకు పైగా నడిపి తీసిన పరీక్షా ఫలితాలు, అప్పటి గది ఉష్ణోగ్రత.

తక్కువ విద్యుత్తు ఇచ్చిన పై శ్రేణి చిప్పు, పూర్తి విద్యుత్తు ఇచ్చిన దాని కింది శ్రేణి చిప్పు కంటే నెమ్మదిగా పనిచేసే సందర్భాలు ఉన్నాయి. కనుక ఎక్కువ ధరకు పెద్ద సంఖ్యను కొనడం వలన ఎక్కువ వేగం తప్పక లభిస్తుందని చెప్పలేము.

## ఇవి కూడా చూడండి

* కంప్యూటరు
* గ్రాఫిక్స్ ప్రాసెసరు
* మదర్‌బోర్డు
* ల్యాప్‌టాప్
* ట్రాన్సిస్టరు